పారబోయని ముర్రుపాలు

నాకు ఇద్దరు బిడ్డలు పోయాక మూడోవాడు పుట్టాడు. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. అక్షరాలు రాక కొంత కాలం, రాసే ధైర్యం లేక మిగతా కాలం. అక్షరాల సంగతి మా వాడు బడికి పోవడం మొదలుపెట్టాక తీరింది. బడిలో వాడికి కన్నడం నేర్పేవారు. నేను మాత్రం నాకు తెలుగే కావాలని పట్టుబట్టి, జాతరలో కొన్న అక్షరాల పుస్తకం ముందు పెట్టుకుని వాడి పలక మీదే దిద్దుకున్నాను. ధైర్యం సంగతి ఇప్పుడు చూడాలి.

మాది పావగడ తాలూకాలో ఒక హట్టి. గొర్రెల కాపరులం కలిసి ముళ్ళకంచె కట్టుకుని బతికే చిన్న ఊరిని హట్టి అంటారు. మైసూరు మహారాజు పాలన మాది. అయితే మా తాలూకా చుట్టూ ఇంగ్లీషువాళ్ళ సీమే ఉండేది కాబట్టి గొర్రెలను తోలుకుని ఏ దిక్కుకు నడిచినా రెండు రోజుల్లో దొర రాజ్యంలో తేలేవాళ్ళం. గొర్రెలకు ఈ సంగతి తెలియదు. గడ్డి ఎక్కడుంటే అదే వాటికి రాజ్యం. నా పెనిమిటి కూడా అంతే. ఏడాదిలో ఏడెనిమిది నెలలు మంద వెంట తిరిగేవాడు. నాకు ఇద్దరు బిడ్డలు పుట్టినప్పుడు లేడు, పోయినప్పుడూ లేడు. రెండుసార్లూ కబురు అందేసరికి నెల దాటింది.

మా వాళ్ళలో ఒక కట్టు ఉండేది. నొప్పులు మొదలైన ఆడది కంచె దాటి బయటికి పోవాలి. చేనిలో వేసిన గుడిసెలో కనాలి, రెండు నెలలు బిడ్డతో అక్కడే ఉండాలి. పురుడు మైల హట్టిలోని దేవుడికి సోకకూడదట. దేవుడికి అంత సున్నితమైన ముక్కు ఎవరు పెట్టారో గానీ, ఆ ముక్కు పుణ్యమా అని నేను మూడుసార్లు ఆ గుడిసెలో ఉన్నాను. సంకటి ముద్ద తెచ్చి దూరంగా ఉన్న బండ మీద పెట్టేవారు. వాళ్ళు వెనక్కి తిరిగాక నేను పోయి తెచ్చుకోవాలి. మంత్రసాని పోయాక మనిషి గొంతు వినబడేది, మనిషి చేయి తగిలేది కాదు.

ఇంకో కట్టు పాలది. బిడ్డ పుట్టిన మొదటి మూడు రోజులూ తల్లి రొమ్ములో వచ్చే చిక్కటి పసుపు పాలను, ముర్రుపాలను, పిండి పారబోయాలి. అవి కడుపులో తొమ్మిది నెలలు నిలవున్న పాలనీ, చెడిపోయి ఉంటాయనీ, తాగితే బిడ్డకు కీడనీ నమ్మకం. ఆ మూడు రోజులూ బెల్లం నీళ్ళలో గుడ్డ ముంచి నాకించాలి. అదే ఆవు ఈనిందంటే ముర్రుపాలకు ఇల్లిల్లూ గిన్నె పట్టుకుని వచ్చేది. జున్ను వండుకుని వేళ్ళు నాకేవాళ్ళం. ఈ తేడా ఏమిటని నేనూ అడగలేదు, నాతో పాటు వేళ్ళు నాకినవాళ్ళూ అడగలేదు.

మొదటి ఇద్దరికీ పారబోశాను. మంత్రసాని పక్క ఊరి ముసలమ్మ, మూడు రోజులూ గుడిసె దగ్గరే ఉండి కొబ్బరిచిప్ప పట్టి పిండించింది. మొదటివాడు తొమ్మిదో రోజు పోయాడు. తర్వాత పిల్ల పుట్టింది, అది ఇరవయ్యో రోజు పోయింది. ఇద్దరికీ బేదులే. నీళ్ళలా పోయి, పోయి, ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది. గుడిసెకు కూతవేటు దూరంలో గట్టు పక్కన పాతిపెట్టాం. మూడో కాన్పుకు నన్ను మళ్ళీ అదే గుడిసెకు పంపారు. గుమ్మంలో కూర్చుంటే ఆ గట్టే కనబడేది. ఈ మూడో బిడ్డ కూడా పోతే నేను హట్టిలోకి తిరిగి రాకూడదని మనసులో అనుకున్నాను. ఎక్కడికి పోవాలో మాత్రం అనుకోలేదు.

వేరుశెనగ పీకే రోజులు. మంద మేతకు సీమ దాటిపోయింది. నడవలేని చూడి గొర్రెలను నాలుగింటిని మాత్రం వదిలిపోయారు. అవి గుడిసెకు ఎదురుగా, ముళ్ళకంప దొడ్డిలో ఉండేవి. వాటిని చూసుకునే పని మా అత్తది. రోజూ పొద్దున్నా సాయంత్రమూ వచ్చేది. గొర్రెల దగ్గరికి పోయేది, నా దగ్గరికి వచ్చేది కాదు. గొర్రెకు మైల లేదు కదా.

మా అత్త చెడ్డ మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళకు అత్త అనగానే వేరే మనిషి కనబడుతుంది. నోరు పెద్దది, చేయీ పెద్దదే. నా సంకటి మీద నెయ్యి ఎప్పుడూ తక్కువ వేయలేదు. ఎనిమిది మందిని కని అయిదుగురిని పోగొట్టుకుంది. ఆ అయిదుగురి మాట నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు.

మూడోవాడు మధ్యాహ్నానికి పుట్టాడు. మంత్రసాని బొడ్డు కోసి, నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఇంతలో వాళ్ళ ఊరి నుంచి మనిషి పరుగున వచ్చాడు. ఆమె సొంత కూతురికే నొప్పులు మొదలయ్యాయట. ముసలమ్మ అటు చూసింది, ఇటు చూసింది.

"నీకు కొత్తేం కాదు గదమ్మా" అంది. "మూడు దినాలు పాలు తాపాకు. పిండి ఆ కానగ చెట్టు మొదట్లో పొయ్యి. బెల్లం నీళ్ళు నాకించు. నేను ఎల్లుండికి వస్తా."

ఆమె వెళ్ళిపోయింది. నేనూ బిడ్డా మిగిలాం. మనుషులు చూస్తుండగా చేసే పనికీ, ఎవరూ చూడనప్పుడు చేసే పనికీ ఎంత తేడా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. కొబ్బరిచిప్ప చేతిలోకి తీసుకున్నాను. పిండడానికి చేయి రాలేదు. పక్కన పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

పొద్దు వాలుతుండగా దొడ్డిలో ఒక గొర్రె ఈనింది. మా అత్త అక్కడే ఉంది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. తల్లి ఇంకా మాయ కూడా వేయలేదు. అత్త పిల్లను ఎత్తి ముక్కు తుడిచింది. గొర్రె పొదుగు పట్టి మొదటి చుక్క నేల మీదికి పిండి దారి చేసింది. పిల్ల నోరు వేలితో తెరిచి చన్ను పెట్టింది. అది పట్టలేదు. మళ్ళీ పెట్టింది. మా నాయన కూడా ఇలాగే చేసేవాడు. మొదటి పాలు పడని పిల్లను ఆయన లెక్కలోకే తీసుకునేవాడు కాదు. తల్లి చస్తే, అదే రోజు ఈనిన ఇంకో గొర్రెను వెతికి దాని ముర్రుపాలే తాపేవాడు.

"తాగు నాయనా, తాగు" అంటోంది అత్త గొర్రెపిల్లతో. అంత మెత్తటి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "ఈ పాలు పడితేనే నీకు బతుకు. పడకుంటే నక్కలపాలైతావు."

పిల్ల పట్టుకుంది. తోక ఆడించింది. అత్త నడుము నిమురుకుంటూ లేచి, గుడిసె వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"మే! పిండేసినావా?"

కొబ్బరిచిప్ప నా ఒళ్ళో ఖాళీగా ఉంది.

"ఆఁ అత్తా. పిండేసినా" అన్నాను.

లోపలికి పోయి బిడ్డను రొమ్ముకు పెట్టుకున్నాను. వాడి నోరు ఎవరూ తెరవాల్సిన పని లేకపోయింది. వాడు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. సంతోషమా భయమా అంటే, భయమే. బెల్లం నీళ్ళను తీసుకుపోయి కానగ చెట్టు మొదట్లో పోశాను. మర్నాటికి అక్కడ చీమలు బారులు తీరాయి. దూరం నుంచి ఆ తడీ చీమలూ చూసి అత్త తృప్తిగా తల ఊపింది. బిడ్డకు పోయాల్సినవి చెట్టుకూ, చెట్టుకు పోయాల్సినవి బిడ్డకూ పోశానన్న సంగతి నాకూ చీమలకూ మాత్రమే తెలుసు. మంత్రసాని ఎల్లుండికి రాలేదు. ఆమె కూతురి కాన్పు కష్టమైందని తర్వాత తెలిసింది.

మూడో రోజున బిడ్డ పసుపు తిరిగాడు. మొదట ముఖం, తర్వాత ఛాతీ, ఆ తర్వాత కళ్ళలో తెల్లగుడ్డు కూడా. పసుపు పాలు తాపాను, బిడ్డ పసుపు అయ్యాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? పెద్దవాళ్ళు చెప్పిన కీడు ఇదేనని తేలిపోయింది. మొదటి ఇద్దరినీ దేవుడు తీసుకుపోయాడు, వీడిని మాత్రం నేనే నా చేత్తో చంపుతున్నాను అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. అరవడానికి లేదు.

బండ మీద సంకటి పెట్టి వెనుతిరుగుతున్న అత్తను పిలిచాను.

"అత్తా, బిడ్డ పసుపుతేలినాడు."

ఆమె ఆగింది. ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ నిలబడింది. "ఏం తాపినావు?"

చెప్పేయాలని ఉంది. చెబితే ఆమె తిడుతుంది, తిడితే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. ఆ గుడిసెలో నేను తిట్టుకు కూడా మొహం వాచి ఉన్నాను. కానీ నోరు తెరిస్తే, "బెల్లం నీళ్ళే" అన్న మాట వచ్చింది.

ఆమె కాసేపు ఆ గట్టు వైపు చూసింది. "నాగలమడిక సుబ్బరాయునికి మొక్కుకుంటా" అంది. "వాని పుట్టెంటికలు ఆడ తీపిస్తామని చెప్పుకుంటా. ఏడవాకు." ఆమె పోయాక ఏడ్చాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. గుడిసెలో చలిగా ఉండేదని పొద్దున్నే బిడ్డను ఎండలో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. అరచేతిలో వాడి పాదం పెట్టుకుని రంగు చూసేదాన్ని. రంగు నిన్నటి కంటే తగ్గిందా, పెరిగిందా అని అడగడానికి ఇంకో జత కళ్ళు లేవు. తొమ్మిదో రోజు పొద్దంతా సంకటి బండ మీదే ఎండిపోయింది, నేను కదలలేదు. పన్నెండో రోజుకు కళ్ళు తేటపడ్డాయి. ఇరవయ్యో రోజు దాటింది. ఒకసారి వాడికీ బేదులు పట్టాయి, రెండు రోజులకు వాటంతట అవే కట్టాయి. గట్టు వైపు చూస్తూ, "వీడిని నాకే వదలండి" అని వాళ్ళిద్దరికీ చెప్పుకున్నాను. వాళ్ళతో మాట్లాడటం అదే మొదలు.

రెండు నెలలకు హట్టిలోకి వచ్చాం. మొక్కు తీర్చారు. బిడ్డ బతికింది సుబ్బరాయుడి దయ అని అత్త అందరికీ చెప్పింది. నేనూ అవునన్నాను.

అసలు సంగతి మా వాడే నాకు చెప్పాడు, పెద్దవాడయ్యాక. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పనికి కుదిరి, ఆ పుస్తకాలూ డాక్టరు మాటలూ మోసుకొచ్చేవాడు. ఒంట్లోకి రోగక్రిమి దూరితే రక్తంలో ఉండే తెల్లకణాలు దాని ఆనవాలు పట్టి, సరిగ్గా దానికే అతుక్కునే పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయట. వాటి పేరు యాంటీబాడీలు. మన గొర్రెకు చెవి గాటు పెట్టినట్టు, అవి క్రిమికి అంటుకుని గుర్తు పెడతాయట. ఆ గుర్తు చూసి మింగేసే కణాలు వేరే ఉంటాయట. కొన్ని క్రిములనైతే అంటుకుని కదలనీయకుండా చేస్తాయట. కొత్త రోగాన్ని ఒళ్ళు నేర్చుకోవడానికి వారం పైనే పడుతుంది. ఒకసారి నేర్చుకుంటే ఆ జ్ఞాపకం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అదే రోగం రెండోసారి వస్తే పని తొందరగా అవుతుంది.

"పుట్టిన పిల్లకు నేర్చుకునే తీరిక యాడుంటుంది మా?" అన్నాడు. "అందుకే తల్లి నేర్చుకున్నది పిల్లకు ఇస్తుంది. గొర్రెకైతే కడుపులో ఉన్నప్పుడు ఏమీ అందదు. మాయ దాటి రావు అవి. అంతా ముర్రుపాలలోనే వస్తుంది. అదీ ఒక దినం లోపలే. తర్వాత పిల్ల పేగు వాటిని రక్తంలోకి రానీదు."

"మరి మనిషికి?" అని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాననుకుంటాను.

"మనిషికి కడుపులోనే కొంత అందుతుంది. మాయలోంచి బిడ్డ రక్తంలోకి వస్తుంది. ముర్రుపాలలో ఉండేది పేగుల లోపల పూత మాదిరి నిలబడుతుంది, బేదుల క్రిమి అంటుకోకుండా." ఎవరి గురించి అడుగుతున్నానో వాడికి తెలుసు. "ముర్రుపాలు తాగనోళ్ళంతా చస్తారని లేదు మా. తాగినోళ్ళంతా బతకరు కూడా. ఆ బెల్లం నీళ్ళు యాడివో, గుడ్డ ఏం గుడ్డో. ఒక్కదాని మీద తప్పు వేసేది కాదు." వాడు పసుపు తిరగడం గురించి కూడా చెప్పాడు. చాలామంది పసిపిల్లలకు అలా వచ్చి పోతుందట. పాల రంగుకూ దానికీ సంబంధం లేదట. అన్ని రోజుల నా భయం అంతా అలా ఒక్క మాటలో తేలిపోయింది.

ఈ నాలుగు మాటలు నాకు ముందే తెలిసి ఉంటే మా అత్తకు చెప్పగలిగేదాన్ని. అప్పటికే ఆమె పోయి చాలా కాలమైంది.

ఆమె బతికుండగా నా అబద్ధం సంగతి ఆమెకు చెప్పాను గానీ, ఆ రోజుకు నాకు తెలిసింది ఇంతే: ఇద్దరికి పారబోస్తే ఇద్దరూ పోయారు, ఒకడికి తాపితే వాడు బతికాడు. అప్పటికి మా వాడికి ఏడాది దాటింది. మా మరిది పెళ్ళాం, చిన్నపిల్ల, తొలి చూలుతో నెలలు నిండి ఉంది. రేపో మాపో గుడిసెకు పోతుంది. అదే మంత్రసాని వస్తుంది, అదే కొబ్బరిచిప్ప పడుతుంది. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. నా బిడ్డకు ఇకపై ఏ జ్వరం వచ్చినా అది నా వల్లేనంటారు. చెప్పకపోతే ఆ పిల్ల బిడ్డ సంగతేమిటి? రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. మూడో రోజు, ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతున్న అత్త దగ్గరికి పోయాను. మా వాడు ఆమె కాళ్ళ దగ్గర ఉన్ని పీకుతూ ఆడుకుంటున్నాడు.

"అత్తా, నీకొక మాట చెప్పల్ల."

"చెప్పు."

"వీనికి నేను ముర్రుపాలు పారబోయలే. తాపినా. దొడ్డిలో నువ్వు గొర్రెపిల్లకు తాపుతా ఉంటివే, ఆ పూటే."

కదురు ఆగింది. "పిండేసినా అంటివి గదే."

"అబద్ధం చెప్పినా. చిన్నదానికి కూడా తాపమని చెప్పు అత్తా. నువ్వు చెప్తే మంత్రసాని వింటుంది. నేను చెప్తే వినదు."

చెంప మీద పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. ఆమె మా వాడిని చూస్తోంది. వాడి ముఖం, వాడి బొజ్జ, వాడి కాళ్ళు, ఒక్కొక్కటీ చూస్తోంది. తర్వాత నన్ను చూడకుండానే అడిగింది.

"అట్లయితే నా అయిదుగురు?"

సుబ్బరాయుడే ఇచ్చాడు, సుబ్బరాయుడే తీసుకున్నాడు అని ఉండాల్సింది. ఆ మాట రాలేదు. "నాకు తెలీదత్తా" అన్నాను.

"గొర్రెలకు తాపినా" అంది ఆమె. తన రెండు చేతులనూ చూసుకుంటోంది. "ఒక్కదానికి కూడా తప్పకుండా తాపినా గదే, ఈ చేతులతోనే." లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఉన్ని అలాగే వదిలేసింది, మా వాడు దాన్ని దుమ్ములో పొర్లించాడు.

నాలుగు రోజులకు చిన్నది గుడిసెకు పోయింది. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని కొబ్బరిచిప్ప అడుగుతుండగా అత్త బండ దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది. "పారబొయ్యాకు. బిడ్డకే తాపు." ముసలమ్మ ఏదో అనబోయింది. "నేను చెప్తా ఉండా గదా" అంది అత్త. ముసలమ్మ చిప్ప పక్కన పెట్టింది.

ఆ తర్వాత అత్త నాతో సరిగ్గా మాట్లాడలేదు. పని చెప్పాలంటే చెప్పేది, సంకటి పెడితే తినేది. నేను పక్కన వచ్చి కూర్చుంటే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. తప్పు నాదేమోనని కొన్నాళ్ళు కుమిలిపోయాను. ఆమెకు చెప్పి ఒక బిడ్డకు మేలు చేశాను, చెప్పినందుకు ఇంట్లో ఉన్న ఒక్క పెద్దదిక్కునూ పోగొట్టుకున్నాను. నా పెనిమిటి ఇంగ్లీషువాళ్ళ సీమలో ఏ చేను కొయ్యకాళ్ళలో ఉన్నాడో అప్పుడూ తెలియదు.

రెండు నెలలయ్యాక చిన్నది పిల్లను ఎత్తుకుని వచ్చింది. పిల్ల బాగా ఒళ్ళు చేసింది. ఇద్దరం వేరుశెనగ కాయలు ఒలుస్తున్నప్పుడు అది నా చెవి దగ్గర చెప్పింది.

"అక్కా, అత్త రోజూ గుడిసె లోపలికే వచ్చేది. ఎవరికీ చెప్పాకు. మైల గియిల ఏమీ చూడలే. నేను పిల్లకు పాలిస్తా ఉంటే ఎదురుగా కూర్చొని చూసేది. అట్ల చూస్తానే ఏడ్చేది. ఎందుకత్తా అంటే చెప్పేది కాదు."

నేను కాయలు ఒలుస్తూ ఉండిపోయాను. నా గుడిసెకు రాలేదన్న కోపం కాదు, అది అప్పటికే పోయింది. ఆ ఏడుపు నా దగ్గర కూర్చుని ఏడ్చి ఉంటే బాగుండేది. గట్టు పక్కన నాకూ ఇద్దరున్నారు కదా.